ఊదే గొట్టంలో దాగిన జాతి

1999లో అమెరికాలోని బాల్టిమోర్ కోర్టు ముందుకు ఒక విచిత్రమైన వాదన వచ్చింది. ఓవెన్స్ కార్నింగ్ అనే పెద్ద కంపెనీ మీద ఆస్బెస్టాస్ కార్మికులు పరిహారం కోసం కేసులు వేశారు. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయిన మనుషులు వాళ్లు. దుమ్ములో ప్రమాదం లేదని కంపెనీ అనలేదు. అది అన్నది వేరు. నల్లజాతి మనిషి ఊపిరితిత్తులు తెల్లవాడి ఊపిరితిత్తుల కంటే సహజంగానే చిన్నవట. కాబట్టి తెల్ల కార్మికుడికి జబ్బు అని లెక్కగట్టే అంకెను నల్ల కార్మికుడికి వర్తింపజేయకూడదట. నల్ల కార్మికుడి కేసు ముందుకు సాగాలంటే అతని ఊపిరి ఇంకా ఎక్కువ పడిపోయి ఉండాలట.

లా చదివినవాళ్లకు ఇది వినగానే కోపం వస్తుంది. అయితే అసలు సంగతి వేరే ఉంది. కంపెనీ ఈ మాటను సొంతంగా కల్పించలేదు. అప్పటికి వైద్యశాస్త్రంలో ఇది స్థిరపడిన పద్ధతి. ఊపిరితిత్తుల పరీక్ష చేసే యంత్రంలోనే ఆ తేడా అమర్చి ఉండేది. టెక్నీషియన్ జాతి గడిలో 'బ్లాక్' అని నొక్కగానే యంత్రం అంకెను తనంతట తానే తగ్గించేసేది. కంపెనీ వకీళ్లు ఆ గడిని తీసుకొచ్చి కోర్టు బల్ల మీద పెట్టారు, అంతే.

ఈ ఘట్టంతోనే లండీ బ్రౌన్ తన పుస్తకాన్ని మొదలుపెడుతుంది. పేరు 'బ్రీతింగ్ రేస్ ఇంటు ది మెషీన్'. 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ప్రచురణగా వచ్చింది. రచయిత్రి బ్రౌన్ విశ్వవిద్యాలయంలో రోగనిర్ధారణ శాస్త్రాన్నీ, ఆఫ్రికానా అధ్యయనాలనూ బోధించిన ప్రొఫెసర్. అంతకుముందు దక్షిణాఫ్రికా ఆస్బెస్టాస్ బాధితుల మీద పనిచేసింది. ఒకే ఒక యంత్రాన్ని పట్టుకుని, దాని నూట డెబ్బై ఏళ్ల ప్రయాణాన్ని లండన్ నుంచి బానిస తోటలకు, అక్కడి నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలకు, గనులకు, కోర్టులకు వెంబడిస్తుంది. నల్లజాతి ఆరోగ్యం గురించి మనవాళ్లు మాట్లాడేటప్పుడు టస్కిగీ సిఫిలిస్ ప్రయోగం, హెన్రియెట్టా లాక్స్ కణాలు అనే రెండు ఉదాహరణల దగ్గర ఆగిపోతారు. అవి ఘోరాలే. కానీ ఘోరం అని చూడగానే తెలిసిపోయేవి. ఈ పుస్తకం చూపించేది ఘోరంలా కనిపించనిది. అందుకే దీన్ని మన పాఠకుల ముందు పెట్టి పరిశీలించాలనిపించింది.

ముందు యంత్రం పని తెలియాలి. కంకర క్రషర్లలో, క్వారీల్లో పనిచేసినవాళ్లకు 'ఊదే పరీక్ష' అంటే తెలుస్తుంది. ముక్కు మూసి, గొట్టం నోట్లో పెట్టుకుని, గుండెనిండా గాలి పీల్చి, బలంకొద్దీ ఊదాలి. రిపోర్టులో రెండు ముఖ్యమైన అంకెలు వస్తాయి. ఒకటి మీరు నిజంగా ఊదిన గాలి. రెండోది మీ వయసు, ఎత్తు, ఆడా మగా చూసి మీరు ఊదాల్సి ఉన్న గాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి శాతం వేస్తారు. ఎనభై శాతం దాటితే సాధారణం అని చెప్పడం చాలాచోట్ల వాడుక.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక మనిషి తెల్లవాళ్ల లెక్క ప్రకారం 5 లీటర్లు ఊదాలి. ఊదింది 3.9 లీటర్లు. అంటే 78 శాతం, జబ్బు ఉన్నట్టు. అదే మనిషిని నల్లవాడిగా నమోదు చేసి, ఊదాల్సిన అంకెను 12 శాతం తగ్గిస్తే అది 4.4 లీటర్లు అవుతుంది. అప్పుడు అతను ఊదింది దాదాపు 89 శాతం. జబ్బు లేదు! ఛాతీ అదే, దగ్గు అదే, రాత్రి నిద్రపట్టనివ్వని ఆయాసం అదే. మారింది కింది అంకె ఒక్కటే. అమెరికాలో ఈ దిద్దుబాటు నల్లవాళ్లకు 10 నుంచి 15 శాతం, ఆసియా వాళ్లకు 4 నుంచి 6 శాతం దాకా నడిచింది. ఆసియా వాళ్లు అన్నచోట మనం కూడా ఉన్నామన్నది గుర్తుంచుకోండి.

స్పైరోమీటర్‌ను తయారుచేసిన జాన్ హచిన్సన్ జాతుల గురించి పట్టించుకున్నవాడు కాదు. 1846లో లండన్‌లో 2,130 మందిని కొలిచి పెద్ద వ్యాసం ప్రచురించాడు. అందులో సైనికులు, నావికులు, పోలీసులు, బీదవాళ్లు, కుస్తీ వీరులు, పెద్దమనుషులు అందరూ ఉన్నారు. ఎత్తు ఒక అంగుళం పెరిగితే ఊదే గాలి 8 ఘనపు అంగుళాలు పెరుగుతుందని తేల్చాడు. ఎత్తుతో సంబంధం నిజమే, నేటికీ నిలబడ్డ విషయం. ఆయన ఒక జీవిత బీమా కంపెనీకి వైద్యుడు కూడా. ఎవరికి పాలసీ ఇవ్వాలో, ఎవరు త్వరగా చచ్చిపోతారో ముందే పసిగట్టడానికి ఈ యంత్రం పనికొస్తుందని ఆయన ఆశ. పుట్టిన నాటినుంచే ఈ యంత్రం వైద్యుడి చేతిలో సగం, బీమా గుమాస్తా చేతిలో సగం అన్నమాట. హచిన్సన్ 1852లో ఆస్ట్రేలియా బంగారు క్షేత్రాలకు వెళ్లిపోయి, 1861లో ఫిజీలో చనిపోయాడు. యంత్రం మాత్రం అట్లాంటిక్ దాటింది.

అక్కడ దానికోసం ఒక ఆలోచన ఎదురుచూస్తోంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ 1785లో అచ్చైన తన వర్జీనియా పుస్తకంలో, నల్లవాళ్ల ఊపిరితిత్తుల నిర్మాణంలోనే తేడా ఉండొచ్చని ఒక ఊహ విసిరాడు. జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్న మనిషి ఆయన. కొలత లేదు, పరీక్ష లేదు. 'ఉండొచ్చు' అన్న మాట ఒక్కటే.

ఆ 'ఉండొచ్చు'ను 'ఉంది'గా మార్చినవాడు శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది డాక్టరు. 1851లో న్యూ ఆర్లియన్స్ వైద్య పత్రికలో నల్లజాతి వాళ్ల ప్రత్యేక జబ్బులంటూ ఒక నివేదిక అచ్చువేశాడు. బానిస పారిపోవాలనుకోవడం ఒక మానసిక రోగమని పేరు పెట్టిన మహానుభావుడు ఈయనే. ఆ రోగానికి 'డ్రాపెటోమేనియా' అని గ్రీకు పేరు కూడా తగిలించాడు. కొరడా దెబ్బలు అందులో వైద్యం! దీన్ని చెప్పుకుని నవ్వేవాళ్లు చాలామంది. ఆ నవ్వులో ఒక ప్రమాదం ఉంది. పారిపోయే రోగం పుస్తకాల్లోంచి ఎప్పుడో పోయింది. ఆయన ఊపిరితిత్తుల సిద్ధాంతం పోలేదు. నల్లవాళ్ల ఊపిరి తెల్లవాళ్లకంటే 20 శాతం తక్కువని ఆయన అంకె వేశాడు. రక్తానికి గాలి చాలకపోవడంవల్లే వాళ్లకు బద్ధకం, మందబుద్ధి అన్నాడు. తెల్లవాడు బలవంతంగా పని చేయిస్తే ఊపిరితిత్తులు విప్పారి రక్తం శుద్ధి అవుతుందన్నాడు. అంటే ఈ డాక్టరు లెక్కలో బానిసత్వమే మందు, చెరకు తోటే ఆసుపత్రి.

అంతర్యుద్ధం వచ్చింది. ఉత్తరాది సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. చనిపోయిన దాదాపు 40,000 మందిలో 30,000 మంది తుపాకీ గుండ్లకు కాదు, రోగాలకు బలయ్యారు. తెల్ల సైనికుల కంటే వాళ్లకు అందిన గుడారాలు, తిండి, వైద్యం ఎంత హీనమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ సైన్యాన్నే కొలిచి 1869లో బెంజమిన్ గౌల్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్త పెద్ద గణాంక గ్రంథం తెచ్చాడు. నల్ల సైనికుల ఊపిరి తక్కువని అందులో పట్టికలు వేశాడు. ఆ మనుషులు నిన్నటిదాకా బానిసలుగా ఏ పాకల్లో పడుకున్నారు, ఏం తిన్నారు అనే గడి ఆ పట్టికల్లో లేదు. ఇక్కడ బ్రౌన్ విశ్లేషణ చాలా పదునుగా ఉంటుంది. గౌల్డ్ బానిసత్వాన్ని సమర్థించిన కార్ట్‌రైట్ లాంటివాడు కాదు, ఉత్తరాది పక్షం. అంకెలు కూడా లేనివి సృష్టించలేదు. అయినా తోట యజమాని డాక్టరు చేరిన చోటికే చేరాడు. దురుద్దేశం లేని మనిషి చేతుల మీదుగా ఈ భావన శాస్త్రంలోకి వచ్చింది కాబట్టే ఎవరూ దాన్ని అనుమానించలేదు.

తర్వాతి మజిలీ మళ్లీ బీమా. ప్రుడెన్షియల్ కంపెనీ 1881లోనే నల్లజాతి పాలసీదారులకు అదే ప్రీమియానికి మూడోవంతు తక్కువ సొమ్ము ఇవ్వాలని నిర్ణయించింది. మసాచుసెట్స్ 1884లో ఇలాంటి వివక్షను చట్టంతో నిషేధించింది. చట్టం అడ్డు వచ్చినప్పుడు శాస్త్రం అవసరమైంది. కంపెనీ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1896లో నల్లజాతి లక్షణాల మీద మూడు వందల పేజీల పుస్తకం రాశాడు. గౌల్డ్ పట్టికల్ని సాక్ష్యంగా తెచ్చాడు. నల్లవాళ్ల చావులకు కారణం వాళ్ల పరిస్థితులు కాదు, జాతి స్వభావమే అని వాదించాడు. బీమా వ్యాపారానికి ఇంతకంటే కావలసిన నివేదిక ఇంకేముంటుంది?

వెంటనే జవాబు చెప్పినవాళ్లు ఇద్దరు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించే కెల్లీ మిల్లర్ 1897లో హాఫ్‌మన్ లెక్కల్లోని లొసుగుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూపాడు. రెండో ఆయన డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. మన పాఠకులకు ఈ పేరు కొత్త కాదు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్లు ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని ఉత్తరం రాసింది ఈయనకే. డుబాయిస్ 1906లో అట్లాంటాలో నల్లజాతి ఆరోగ్యం మీద ఒక సమగ్ర అధ్యయనాన్ని వెలువరించాడు. క్షయ నల్లజాతి జబ్బు కాదని, అది ఇళ్లకు, కూలికి, మురుగుకు సంబంధించిన జబ్బని అంకెలతోనే చూపించాడు. కొలతను కొలతతో కొట్టాడు. ఆ అధ్యయనాన్ని ఆనాటి వైద్య కళాశాలలు పట్టించుకోలేదు. హాఫ్‌మన్‌ను మాత్రం నిపుణుడని ఆకాశానికెత్తాయి.

హాఫ్‌మన్ గురించి ఇంకో ముక్క చెప్పాలి. ఇదే మనిషి 1918లో దుమ్ము రేగే పరిశ్రమల మీద అమెరికా కార్మిక శాఖ కోసం మరో నివేదిక రాశాడు. ఆస్బెస్టాస్ కార్మికులకు బీమా కంపెనీలు పాలసీలు ఇవ్వడం లేదని, ఆ పని ఆరోగ్యానికి చెరుపని వాళ్లు భావిస్తున్నారని అందులో నమోదు చేశాడు. అంటే ఆస్బెస్టాస్ ప్రాణం తీస్తుందని బీమా కంపెనీలకు 1918 నాటికే తెలుసు. 1999లో బాల్టిమోర్ కోర్టులో ఆస్బెస్టాస్ కంపెనీ తనకు రక్షణగా వాడుకున్నది మాత్రం హాఫ్‌మన్ మొదటి పుస్తకం నాటి ఆలోచనని!

కొలతలతో కొట్టడం అన్నాను గనుక ఒక చిన్న పక్కదారి. మన దేశంలో రిస్లీ 1901 జనాభా లెక్కల నాటికి ముక్కుల కొలతలతో కులాలకు జాతి నిచ్చెన కట్టాడు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో బాబాసాహెబ్ ముక్కు కొలతల పట్టికల్నే తీసుకుని, అంటరానివాడిదీ బ్రాహ్మణుడిదీ ఒకే జాతి అని ఆ అంకెలే చెబుతున్నాయని, అంటరానితనానికి జాతిభేదం మూలం కాదని నిరూపించాడు. అందుకే మనవాళ్లు కులమూ జాతీ ఒకటే అని తొందరపడి సమీకరించినప్పుడు నాకు ఇబ్బందిగా ఉంటుంది. బాబాసాహెబ్ దగ్గర, డుబాయిస్ దగ్గర నేర్చుకోవాల్సింది పోలిక కాదు, పద్ధతి. ఆయన ముక్కు పట్టికను చదివినట్టు మనం ఊపిరి పట్టికను చదవగలగాలి.

పుస్తకంలో వలసపాలన అసలు ముఖం కనిపించేది దక్షిణాఫ్రికా బంగారు గనుల అధ్యాయంలో. రాయి తొలిచినప్పుడు లేచే సిలికా ధూళి తెల్లవాడా నల్లవాడా అని చూడదు. చట్టం చూసింది. 1911 నుంచి వచ్చిన గని రోగుల చట్టాలు తెల్ల కార్మికుడికి క్రమబద్ధమైన పరీక్షలు, పెన్షన్లు కల్పించాయి. నల్ల కార్మికుడికి ఒక్కసారి కొంత డబ్బు చేతిలో పెట్టి ఇంటికి పంపడమే. ఆ ఇల్లు లెసోతోలోనో, మొజాంబిక్‌లోనో, మలావీలోనో ఉంటుంది. కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయిన మనిషి పదేళ్ల తర్వాత ఆయాసంతో చనిపోతే అది గని లెక్కలోకి రాదు. గనుల్లో సిలికోసిస్ తక్కువని చెప్పిన గణాంకాలు నిలబడింది ఈ పునాది మీదే. 1973 చట్టం కూడా పరిహారాన్ని చర్మం రంగుతోనే కట్టింది. 1993లో గానీ ఆ తేడాలు తొలగలేదు. 2016లో జోహన్నెస్‌బర్గ్‌లోని హైకోర్టు గని కార్మికులందరి తరఫున సామూహిక దావాకు అనుమతి ఇచ్చింది. 2019లో కుదిరిన ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది, కనీసం 500 కోట్ల రాండ్లు. ఆ డబ్బు పంచడానికి ఏర్పడిన ట్రస్టు ముందు ఇవాళ ముసలి కార్మికులు మళ్లీ ఊదే పరీక్షకు నిలబడుతున్నారు. ఒప్పందాలు పుస్తకం తర్వాతివి. కానీ ఆ అధ్యాయం చదివినవాళ్లకు వాటి విలువా, ఆలస్యమూ రెండూ అర్థమవుతాయి.

ఇక్కడ న్యాయశాస్త్రం తెలిసినవాళ్లకు తట్టే సంగతి ఒకటుంది. పుస్తకం దాన్ని ఈ కోణంలో విప్పలేదు కాబట్టి నేను చెబుతాను. నష్టపరిహార చట్టంలో పాత సూత్రం ఒకటి ఉంది. నువ్వు దెబ్బ కొట్టిన మనిషి పుర్రె గుడ్డు పెంకులా పల్చగా ఉంటే, అది నీ అదృష్టం కాదు, నీ బాధ్యత. బాధితుడు ఎలా ఉన్నాడో అలాగే స్వీకరించి పూర్తి నష్టం కట్టాలి. జాతి దిద్దుబాటు ఈ సూత్రాన్ని తలకిందులు చేసింది. బాధితుడు పుట్టుకతోనే బలహీనుడు కాబట్టి నేను తక్కువ కడతాను అంటుంది. ఆ బలహీనతైనా రుజువైందా అంటే లేదు. అతని జాతి సగటు నుంచి ఊహించిందే. ఒక వ్యక్తి మీద నేరం మోపడానికి అతని కులం సగటు సాక్ష్యం కాదు కదా. నష్టం తగ్గించడానికి ఎలా సాక్ష్యమైంది?

ఇది ఊపిరితిత్తుల దగ్గరే ఆగలేదు. 1930లో పశ్చిమ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ సొరంగం తవ్వారు. లోపల పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి వలస కూలీలు. ముసుగులు లేవు, ధూళి అణచడానికి నీళ్లు చల్లలేదు. వందలమంది సిలికోసిస్‌తో చనిపోయారు. పరిహారాన్ని రంగునుబట్టే పంచారు, నల్లవాడికి తక్కువ, తెల్లవాడికి ఎక్కువ. ఆ సొరంగం యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థది. భోపాల్ జనానికి ఆ పేరు పరిచయం చేయనక్కర్లేదు. మొన్నమొన్నటి సంగతి చూస్తే, అమెరికా ఫుట్‌బాల్ లీగ్ తలదెబ్బలు తిన్న మాజీ ఆటగాళ్లకు పరిహారం ఇచ్చేటప్పుడు నల్ల ఆటగాళ్ల తెలివితేటలు మొదటినుంచీ తక్కువ స్థాయిలో ఉంటాయని లెక్కగట్టే పద్ధతిని వాడింది. ఇద్దరు ఆటగాళ్లు 2020లో కోర్టుకెక్కితే 2021లో వదులుకుంది. మరోవైపు న్యూయార్క్‌లో ఒక పడవ ప్రమాద కేసులో 2008లో జడ్జి జాక్ వైన్‌స్టీన్, జాతినిబట్టి ఆయుష్షు లెక్కించి పరిహారం తగ్గించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాడు. వైద్యం కంటే చట్టమే ముందు కళ్లు తెరిచిన అరుదైన సందర్భం అది.

మూత్రపిండాల కథ ఇంకా సూటిగా ఉంటుంది. రక్తపరీక్ష నుంచి కిడ్నీ పనితీరు లెక్కించే సూత్రంలో, మనిషి నల్లవాడైతే ఫలితాన్ని 1.159తోనో 1.212తోనో గుణించేవారు. కిడ్నీ బాగున్నట్టు కనిపించేది. మార్పిడి కోసం వరుసలో చేరాలంటే పనితీరు 20కి పడిపోవాలి. కాబట్టి నల్ల రోగులు ఆ వరుసలోకి ఆలస్యంగా చేరేవారు. 2021లో ఆ గుణకాన్ని తీసేశారు. పోగొట్టుకున్న కాలాన్ని తిరిగి జమ చేయాలని 2023 నుంచి ఆసుపత్రులకు ఆదేశం వచ్చింది. ఏడాది తిరిగేసరికి 14,000 మందికి పైగా నల్ల రోగులకు వరుసలో కాలం కలిసింది. వరుస ముందుకు రాకముందే పోయినవాళ్లకు కలపడానికి ఏమీ లేదు.

అయితే ఒక ప్రశ్నను దాటవేయకూడదు. కొలిచినప్పుడు సగటున తేడా వస్తోంది కదా, అది అబద్ధమా? కాదు, సగటు తేడా చాలా అధ్యయనాల్లో కనిపించింది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదే వివాదం. 1974లో 13.2 శాతం అనే దిద్దుబాటు అంకెను ప్రతిపాదించిన ప్రసిద్ధ వ్యాసం ఆస్బెస్టాస్ సిమెంటు కార్మికుల మీద చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. అక్కడ ఎక్కువ ధూళి ఎవరు పీల్చారు, ఎవరి బాల్యం ఏ వీధిలో గడిచింది అనే లెక్క తేలకుండా మిగిలిన తేడానంతా జాతి ఖాతాలో వేశారు. బ్రౌన్ తన సహచరులతో కలిసి 1922 నుంచి 2008 దాకా వచ్చిన 226 పరిశోధనా వ్యాసాలు తిరగేసింది. ఐదోవంతు కంటే తక్కువ వ్యాసాల్లోనే జాతి అంటే తమ ఉద్దేశం ఏమిటో రాశారు. ఆర్థిక స్థితిని చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మొండెం, కాళ్ల నిష్పత్తిలో తేడావల్ల కొంత వస్తుందని మరికొందరంటారు. మంచిదే, అలాగైతే కూర్చున్నప్పటి ఎత్తును టేపు పెట్టి కొలవండి. చర్మం చూసి మొండెం పొడవు ఊహించడం దేనికి?

2023లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘం జాతి లేని ఒకే సమీకరణం వాడమని సిఫారసు చేసింది. దానివల్ల ఏం మారుతుందో 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఊపిరి లోపం ఉందా లేదా అన్న నిర్ణయం 1 కోటి 25 లక్షల మందికి మారవచ్చు. నల్లజాతి మాజీ సైనికుల అంగవైకల్య చెల్లింపులు ఏడాదికి 100 కోట్ల డాలర్లకు పైగా పెరగవచ్చు. పాత సమీకరణమూ కొత్తదీ రోగాన్ని, మరణాన్ని ముందే పసిగట్టడంలో ఒకే స్థాయిలో ఉన్నాయి కూడా. అంటే జాతి గడివల్ల వైద్యానికి ఒరిగింది లేదు.

సంబరపడే ముందు అదే అధ్యయనంలోని రెండో సగం చదవాలి. ఊపిరి తక్కువని తేలితే పరిహారం వస్తుంది, ఉద్యోగం పోతుంది. అగ్నిమాపక దళంలాంటి పనులకు అర్హత కోల్పోయేవాళ్లు ఉంటారు. ఆపరేషన్‌కు తట్టుకోలేరని వెనక్కి పంపబడేవాళ్లూ ఉండొచ్చు. ఇది కొత్త చిక్కు కాదు. 1978లో అమెరికా ప్రభుత్వం పత్తి దుమ్ము నిబంధనలు తెచ్చినప్పుడు నల్ల కార్మికుల అంకెను 0.85తో గుణించమని నిబంధనలోనే రాసింది. అలా చేయకపోతే నల్లవాళ్లను మిల్లుల్లోకి తీసుకోరన్న వాదన అప్పుడూ ఉంది. ఒకే గుణకం ఒక చేత్తో కూలి ఇచ్చింది, ఇంకో చేత్తో పరిహారం లాక్కుంది. మిల్లులో దుమ్ము తగ్గించడం అనే మూడో దారి ఈ అంకెల చర్చలో కనపడకుండా పోయింది. నా అభిప్రాయంలో జాతి దిద్దుబాటు చేసిన పెద్ద అన్యాయం ఇదే.

జాతిని లెక్కలోంచి తీసేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, కోవిడ్ రోజుల్లో ఊరూరా వేలికి తగిలించుకున్న ఆక్సిమీటర్‌ను గుర్తుచేయాలి. అది చర్మం రంగును అసలు పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో వచ్చిన అధ్యయనంలో, ఆక్సిజన్ బాగానే ఉందని యంత్రం చూపించినా రక్తంలో నిజంగా పడిపోయి ఉన్న సందర్భాలు తెల్ల రోగుల్లో 3.6 శాతం, నల్ల రోగుల్లో 11.7 శాతం. ఒక యంత్రం అక్కర్లేని చోట రంగు చూసింది. ఇంకోటి చూడాల్సిన చోట చూడలేదు.

పుస్తకం మీద నా ఫిర్యాదులు రెండు. మొదటిది, కొలిచినవాళ్లు ఇందులో పేజీలకు పేజీలు మాట్లాడతారు, ఊదినవాళ్లు దాదాపు మాట్లాడరు. తోటలో కార్ట్‌రైట్ యంత్రంలోకి ఊదమన్నప్పుడు ఆ మనిషి ఏమనుకున్నాడు? రికార్డుల్లో ఉండదు, నిజమే. కానీ గని కార్మికులు, ఆస్బెస్టాస్ కార్మికులు మన కాలం మనుషులు. వాళ్ల సంఘాలున్నాయి, వాంగ్మూలాలున్నాయి. దక్షిణాఫ్రికాలో స్వయంగా పనిచేసిన రచయిత్రి వాళ్ల గొంతును ఇంకా ఎక్కువ వినిపించి ఉండాల్సింది. రెండోది, భాష. అకడమిక్ బరువు ఎక్కువ. శరీర వ్యాయామ ఉద్యమం మీది అధ్యాయం ఆసక్తికరమే గానీ, పరిహారాల అధ్యాయానికి చేరాలని తొందరపడే పాఠకుణ్ణి నిలబెట్టేస్తుంది. లా విద్యార్థులకు ఇచ్చేటట్టయితే పారిశ్రామిక కార్మికుల అంగవైకల్యం అధ్యాయం, దక్షిణాఫ్రికా అధ్యాయం ముందు చదివించి, తర్వాత మొదటికి రమ్మంటాను. ఇన్ని చెప్పినా, పల్మనాలజీ డాక్టర్లు చదవాల్సిన చరిత్ర పుస్తకం ఒక్కటే చెప్పమంటే దీన్నే చెబుతాను.

మనవాళ్లు అమెరికా వెళ్లి ఈ పరీక్ష చేయించుకుంటే యంత్రం ఇన్నాళ్లూ వాళ్లను 'ఆసియా' గడిలో వేసి 4 నుంచి 6 శాతం కోసింది. 2012లో ప్రపంచ స్థాయి సమీకరణాలు వచ్చినప్పుడు తెల్లవాళ్లు, ఆఫ్రికన్ అమెరికన్లు, ఈశాన్య ఆసియా, ఆగ్నేయ ఆసియా వాళ్లకు వేర్వేరు గడులు దొరికాయి. భారత ఉపఖండానికి గడి దొరకలేదు, 'ఇతరులు'లో కలిపారు. ఇక్కడ ఇళ్ల దగ్గర సంగతి వేరు. మార్కాపురం పలకల పనివాడికో, క్వారీ కూలీకో సిలికోసిస్ వస్తే పరిహార చట్టం కింద అది వృత్తి వ్యాధి. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో డాక్టరు చెప్పాలి. ఆ శాతం వెనక ఊదే పరీక్ష ఉంటుంది. పరీక్ష వెనక 'ఊదాల్సిన అంకె' ఉంటుంది. ఆ అంకె యంత్రంలో ఎంచుకున్న సమీకరణాన్నిబట్టి మారిపోతుంది. ఏది ఎంచుకున్నారో కొన్ని రిపోర్టుల్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నింట్లో అసలు ఉండదు. లేనప్పుడు మేము ఈమధ్య రిపోర్టును అలాగే తీసుకోవడం లేదు. ఏ సమీకరణం వాడారు, ఏ దిద్దుబాటైనా చేశారా అని ల్యాబ్‌కు కార్మికుడి సంతకంతో ఒక చీటీ రాసి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకుని ఫైల్లో పెడుతున్నాం.